కుర్చీయే యోగాసనం

"మొక్కై వంగనిది మానై వంగుతుందా, డాక్టరు బాబూ?"

నెలకొకసారి నేను వెళ్లి చూసివచ్చే ఒక వృద్ధాశ్రమంలో, యోగాసనాల మాట ఎత్తగానే ఒక మామ్మగారు అడిగిన ప్రశ్న ఇది. ఆవిడకు ఎనభై రెండేళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. గోడ పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేదు. ఆ ప్రశ్నకు చుట్టూ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"వంగనక్కర్లేదు మామ్మగారూ. మాను పడిపోకుండా నిలబడితే చాలు" అన్నాను.

ఈ వారం మీకు చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దవాళ్లకు యోగం పనికొస్తుంది. అయితే ఆసనం కోసం మనిషిని వంచకూడదు. మనిషిని బట్టి ఆసనాన్ని మార్చాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆశ్రమంలో లేకపోవచ్చు. అయినా ఈ వ్యాసం చదవండి. వెనకగదిలో మంచానికే అలవాటు పడిపోయిన నాన్నగారికీ, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చునే అత్తగారికీ ఇందులో ప్రతి మాటా వర్తిస్తుంది.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. 2015 నుంచి ఏటా ఆ రోజున మైదానాల్లో చాపలు పరిచి వేలమంది ఆసనాలు వేస్తున్నారు. సంతోషమే. కాని చాప మీద కూర్చోలేనివారి మాటేమిటి? కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాల్సినవారి మాటేమిటి? "అవన్నీ మనక్కాదులే" అని వాళ్లు అనుకుంటారు. మనమూ అలాగే అనుకుంటాం. అది పొరపాటు.

నా చీటీ చేసిన పని

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సుమారు పదిహేనేళ్ల కిందటి సంగతి. ఆశ్రమంలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు స్నానాలగదిలో జారిపడ్డారు. నా దగ్గరికి తీసుకొచ్చారు. ఎక్స్‌రే తీయించాను. ఎముకలేవీ విరగలేదు. అందరమూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. నొప్పికి మాత్రలు రాసి, చీటీ చివర 'పూర్తి విశ్రాంతి' అని రాశాను. ఎన్నాళ్లో రాయలేదు.

ఆశ్రమంవాళ్లు నా మాట తు.చ. తప్పకుండా పాటించారు. మంచం దగ్గరికే టిఫిను, మంచం దగ్గరికే భోజనం, మంచంమీదే తడిబట్టతో ఒళ్లు తుడవడం. ఆరు వారాల తర్వాత నేను వెళ్లి చూస్తే మాస్టారు ఇంకా పడుకునే ఉన్నారు. తొడలు చేతికర్రల్లా సన్నబడిపోయాయి. నడుము కింద పుండు పడింది. "కొంచెం లేచి కూర్చోండి మాస్టారూ" అంటే, "మీరే కదండీ లేవొద్దన్నారు" అన్నారు. ఆయన మళ్లీ నడవలేదు. ఆ ఏడాది తిరక్కుండానే న్యుమోనియా వచ్చి పోయారు.

పడినందువల్ల ఆయన కాళ్లు పోలేదు. నేను రాసిన చీటీవల్ల పోయాయి. ఆనాటినుంచి 'విశ్రాంతి' అని రాయాల్సి వస్తే, ఎన్ని రోజులో పక్కనే రాస్తున్నాను. నాలుగో రోజున ఎవరు పట్టుకుని లేపాలో కూడా రాస్తున్నాను.

మంచం కండను తింటుంది

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2007లో అమెరికా వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. ఏ జబ్బూ లేని పన్నెండుమంది పెద్దవాళ్లను, సగటు వయసు 67 ఏళ్లవాళ్లను, పది రోజులపాటు మంచంమీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వారి కాళ్లలోంచి దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. ఇక ఎనభై ఏళ్ల వయసులో, షుగరూ బి.పి.లతో, సరిగా ఆకలి లేక పిడికెడు అన్నం తినే మనిషి సంగతి ఊహించుకోండి.

ఆశ్రమాల్లో ఇంకో చిక్కుంది. అక్కడ సేవ ఎంత బాగుంటే కాళ్లకు అంత పని తగ్గుతుంది. మంచినీళ్లు చేతికందిస్తారు. కంచం ముందు పెడతారు. పడిపోతారేమోనన్న భయంతో, "మీరు కూర్చోండి, మేం తెస్తాం" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని రోజంతా కూర్చున్న మనిషికి కొన్నాళ్లకు కూర్చోవడం ఒక్కటే మిగులుతుంది.

కుర్చీలోంచి తనంతట తాను లేవగలగడం చిన్న సంగతి కాదు. అలా లేవగలిగిన మనిషి రాత్రిపూట ఒంటరిగా బాత్రూముకి వెళ్లగలడు. లేవలేనివారు ఆయాను పిలవాలి. ఆయా నిద్రపోతూ ఉంటుంది. పిలవడానికి మొహమాటం. అందుకని చాలామంది పెద్దమ్మలు సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తాగడం మానేస్తారు. ఇది వాళ్లు ఎవరికీ చెప్పరు. మనమే అడిగి తెలుసుకోవాలి. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, లేవగానే కళ్లు తిరగడం, పడిపోవడం. చూశారా, ఒక చిన్న మొహమాటం ఎంతదాకా తీసుకెళుతుందో!

తొంభై ఏళ్లకు కండ పెరుగుతుందా?

పెరుగుతుంది. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండే పదిమందికి ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయించారు. వాళ్ల వయసు తొంభై ఏళ్లు. అందరూ బలహీనులే. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటింది. అది యోగం కాదు, నిజమే. కాని వయసు మళ్లిన కండ కూడా పని చెబితే వింటుందని దానివల్ల తేలింది. ఆ పని రోజూ, అపాయం లేకుండా, అందరితో కలిసి సరదాగా చేయడానికి మన దేశంలో అందరికీ తెలిసిన దారి యోగం.

ఆసనాన్ని మార్చవచ్చునా?

"శాస్త్రంలో చెప్పినట్టు కాకుండా కుర్చీలో కూర్చుని చేస్తే దాన్ని యోగమంటారా?" అని సందేహించేవారున్నారు. పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణాలు రెండే: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. నేలమీదే కూర్చోవాలని, మోకాళ్లు విరుచుకోవాలని ఆయన చెప్పలేదు.

మన కాలపు గురువులు కూడా ఇదే దారి చూపారు. మైసూరులో యోగం నేర్పి, తర్వాత మద్రాసులో స్థిరపడిన తిరుమలై కృష్ణమాచార్యులవారు 1888లో పుట్టి 1989దాకా జీవించారు. ఎదురుగా ఉన్న మనిషి వయసునూ శక్తినీ బట్టి పాఠం మార్చేవారు. ఆయన శిష్యుడూ, బావమరిదీ అయిన బి.కె.ఎస్. అయ్యంగారు చిన్నతనంలో మలేరియా, టైఫాయిడు, క్షయ వంటి జబ్బులతో తీసుకున్నవారే. తర్వాత పూనాలో ఆయన ఇటుకలు, పట్టీలు, తాళ్లు, దుప్పట్లు, కుర్చీలు ఊతంగా ఇచ్చి రోగుల చేత, వృద్ధుల చేత ఆసనాలు వేయించారు. కనుక కుర్చీ వాడితే యోగం చెడిపోతుందన్న అనుమానం పెట్టుకోకండి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

మన పొరుగునే ఉన్న బెంగుళూరులో యోగ పరిశోధకులు ఒక వృద్ధాశ్రమంలోని 69 మందిని మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు యోగం, ఇంకో జట్టుకు ఆయుర్వేద మందు ఇచ్చి, మూడో జట్టును మామూలుగా వదిలేసి చూశారు. యోగం చేసినవారికి ఆరు నెలల తర్వాత నిద్ర సుమారు పది నిమిషాలు ముందుగా పట్టింది. మొత్తం నిద్ర దాదాపు ఒక గంట పెరిగింది. 2005లో ఈ ఫలితాలు ప్రచురించారు. వారిలోనే దిగులు కూడా తగ్గినట్టు 2007లో మరో వ్యాసంలో రాశారు.

అదే నగరంలో తొమ్మిది వృద్ధాశ్రమాల్లోని 120 మందితో చేసిన మరో పరిశోధన 2013లో వెలువడింది. నెల రోజులపాటు రోజూ, ఆ తర్వాత మూడో నెల దాకా వారానికొకసారి యోగం చేయించారు. వాళ్లకు కూడా నిద్ర బాగుపడింది, బతుకులో సంతృప్తి పెరిగింది.

నిద్రకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటారా? ఆశ్రమాల్లో పెద్దవాళ్లు నన్ను అడిగే మొదటి కోరిక నిద్రమాత్రే. ఆ మాత్ర వేసుకుని రాత్రి మత్తులో లేచి పడేవారు ఎందరో. మాత్ర లేకుండా ఒక గంట నిద్ర పెరిగితే అది చిన్న లాభం కాదు.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. యోగం చేస్తే పడిపోవడం తగ్గుతుందని గట్టిగా హామీ ఇవ్వలేం. సొంత ఇళ్లలో ఉండే పెద్దవాళ్లకు వ్యాయామంవల్ల పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గుతాయని, నూరుకు పైగా పరిశోధనలను కలిపి చూసి 2019లో తేల్చారు. ఆశ్రమాల్లో ఉండే బలహీనుల విషయంలో ఫలితాలు అంత స్థిరంగా లేవు. 2024లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, అరవై దాటినవారికి ఇంటిదగ్గర కంప్యూటరు ద్వారా యోగాసనాలు నేర్పితే పడిపోవడాలు తగ్గలేదు. దీన్నిబట్టి నేను చెప్పేదేమిటంటే, తెర మీద చూసి ఒంటరిగా చేసే ఆసనాలు పెద్దవాళ్లకు వద్దు. పక్కన మనిషి ఉండాలి. నిలబడినప్పుడు చేతికి ఊతం ఉండాలి.

మరో మాట. యోగం షుగరును, బి.పి.ని, గుండెజబ్బును మాయం చేయదు. యోగం మొదలుపెట్టాం కదా అని మాత్రలు మానేసి, నెల తిరక్కుండా పక్షవాతంతో వచ్చినవారిని చూశాను. మందు మందే, యోగం యోగమే. రెండూ కావాలి.

ఏర్పాట్లు

కుర్చీ: నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్న చెక్క కుర్చీ గాని, ఇనుప కుర్చీ గాని కావాలి. చక్రాలుండకూడదు. పల్చటి ప్లాస్టిక్ కుర్చీలు కాళ్లు వాలి జారిపోతాయి, వద్దు. కుర్చీ వీపు గోడకు ఆనించి వేయండి. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. పొట్టివారికి అందకపోతే పాదాల కింద కదలని పీట వేయండి. నిలబడే ముందు ఆ పీట తీసేయాలి.

నేల: తడి ఉండకూడదు. పరిచిన గోనెలు, మడతలు పడ్డ దుప్పట్లు తీసేయండి. అరిగిన హవాయి చెప్పులు వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచివి. షుగరువల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఒట్టి కాళ్లతో చేయకూడదు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు, మగవాళ్లు పంచె అంచు కాళ్లకు అడ్డం పడకుండా పైకి దోపుకోవాలి.

వేళ: పరగడుపున చేయాలన్న నియమం యువకులకు సరే. షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునే పెద్దవాళ్లకు అది ప్రమాదం. షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. టిఫిను తిన్న గంటన్నర తర్వాత, అంటే పదీ పదిన్నర మధ్య, అనువైన సమయం. లేదా సాయంత్రం టీ తాగాక చేయించండి.

ఎంతసేపు: మొదటివారం పది నిమిషాలు. నెల తిరిగేసరికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆయాసంతో మాట తడబడకూడదు. మాట్లాడుతూ చేయగలిగినంతే చేయాలి.

ఎనిమిది పనులు

1. ఊపిరి. వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. ఒక చెయ్యి పొట్టమీద ఉంచండి. మూడు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, అయిదు లెక్కపెట్టేదాకా నెమ్మదిగా వదలండి. ఊపిరి బిగపట్టకండి. ఆరుసార్లు చాలు.

2. పాదాలు. మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకెత్తండి. తర్వాత వేళ్లు ఆనించి మడమలు ఎత్తండి. ఇరవైసార్లు. పిక్కలు కదిలితే కాళ్లలో దిగిన రక్తం పైకి సాగుతుంది. పొద్దంతా కూర్చునేవారికి పాదాల వాపు తగ్గడానికి ఇది సాయపడుతుంది.

3. చేతులు పైకి. తాడాసనానికి ఇది కుర్చీ రూపం. గాలి పీలుస్తూ చేతులెత్తండి, వదులుతూ దించండి. భుజం పట్టేసినవారు తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, మంచి చెయ్యి సాయంతో రెండోదాన్ని ఎంత లేస్తే అంతే లేపాలి. అయిదుసార్లు.

4. ఛాతీ విప్పడం. చేతులు మోకాళ్లమీద ఉంచి, రొమ్ము ముందుకు తెచ్చి, చూపు ఎదురుగా నిలపండి. తర్వాత వదులుగా మామూలుగా రండి. గూని పడుతున్నవారికి ఇది మంచిది. ముందుకు వంగి పాదాలు ముట్టుకోకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

5. మెల్లగా పక్కకు తిరగడం. కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకుని, వెనకనుంచి ఎవరో పిలిచినట్టు నెమ్మదిగా కుడివైపు చూడండి. తర్వాత ఎడమవైపు. గుంజి తిరగకూడదు. మూడేసిసార్లు.

6. కాలు చాపడం. ఒక కాలు మోకాలి దగ్గర నిటారుగా చాపి, అయిదు లెక్కపెట్టి దించండి. తొడ ముందు భాగం గట్టిపడడం చేతికి తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు దీన్ని మానకూడదు. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒక్కో కాలికి ఎనిమిదిసార్లు.

7. లేవడం, కూర్చోవడం. అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే. కుర్చీ అంచుకు జరగండి. పాదాలు కొంచెం వెనక్కి తెచ్చుకోండి. ముందుకు ఒరిగి, గాలి వదులుతూ లేవండి. నిలబడి మూడు లెక్కపెట్టండి. తర్వాత దబ్బున కూలబడకుండా నెమ్మదిగా కూర్చోండి. మొదట చేతులు కుర్చీమీద ఆనించి లేవచ్చు. లేవలేనివారు కుర్చీలో ఎత్తుకోసం గట్టి దిండు వేసుకోవచ్చు. రెండుసార్లతో మొదలుపెట్టి అయిదుసార్లకు రండి.

8. కుర్చీ వెనక నిలబడడం. ఈ ఒక్కదానికి కుర్చీని ముందుకు జరిపి, దాని వీపు రెండు చేతులతో పట్టుకుని నిలబడాలి. అటువైపు ఎవరైనా కూర్చుంటే కుర్చీ కదలదు. మడమలు ఎత్తి దించండి. తర్వాత వృక్షాసనం. ఒక పాదం మడమను రెండో చీలమండకు ఆనించండి, వేళ్లు మాత్రం నేలమీదే ఉంచండి. అయిదు లెక్కపెట్టండి. పక్కన మనిషి లేకుండా ఇది చేయకూడదు.

చివరగా కూర్చుని కళ్లు మూసుకుని తుమ్మెదలా సన్నగా ఝంకారం చేయండి. ఆశ్రమంలో అన్ని మతాలవారూ ఉంటారు. ఓంకారమే అనాలని నిర్బంధించకండి. ఎవరికి ఇష్టమైన నామం వాళ్లు మనసులో తలచుకోవచ్చు.

మంచం దిగలేనివారికి కూడా మొదటి మూడూ పడుకునే చేయించవచ్చు. పిడికిలి మూసి తెరవడం, పాదం ఊపడం, ఊపిరి గమనించడం కూడా యోగమే. మతిమరుపు జబ్బు ఉన్నవారికి మాటలు తగ్గించి, ఎదురుగా కూర్చుని చేసి చూపించాలి. రోజూ అదే చోట, అదే వేళకు, అదే వరుసలో జరగాలి. వరుస మారిస్తే వాళ్లు గాభరా పడతారు.

ఈ జాగ్రత్తలు మరవకండి

ఎముకలు గుల్లబారినవారు, ముఖ్యంగా గూని పడ్డ స్త్రీలు, నడుము ముందుకు బాగా వంచకూడదు. వెన్నుపూసలు నలిగిపోవచ్చు. నాలుగో పనిలో వంగవద్దన్నది ఇందుకే.

కంట్లో నీటికాసులు ఉన్నవారు, ఈమధ్యే కంటి ఆపరేషను అయినవారు తల కిందికి వాల్చకూడదు.

బి.పి., గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారికి కపాలభాతి, భస్త్రిక వంటి వేగమైన శ్వాసలు, ఊపిరి బిగపట్టడం వద్దు.

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు కాలుమీద కాలు వేయడం గాని, మెలి తిప్పడం గాని ఆపరేషను చేసిన డాక్టరునడిగే చేయాలి.

బి.పి. మాత్రలు వేసుకునేవారిలో కొందరికి లేచి నిలబడగానే బి.పి. పడిపోతుంది. యోగం మొదలుపెట్టేముందు ఒకసారి పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి మూడు నిమిషాల్లోపు బి.పి. చూడండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే డాక్టరుకు చూపించి మందు సరిచేయించాకే నిలబడి చేసేవి చేయించండి. అందాకా కూర్చుని చేసేవి సరిపోతాయి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు, మాట తడబడడం, మూతి వంకర పోవడం కనిపిస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగరు మాత్రలవారికి చెమట, వణుకు వస్తే, స్పృహలో ఉంటే, ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి.

ఆశ్రమ నిర్వాహకులకు

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలు పెట్టే సంగతి రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. అక్కడ వైద్యం, వినోదం ఉండాలనీ పేర్కొంది. నన్నడిగితే యోగం రెండింటి కిందికీ వస్తుంది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. గట్టి కుర్చీలు, ఒక గది, శ్రద్ధ ఉన్న ఒక మనిషి చాలు. పెద్ద గురువుగారిని నెలకొకసారి పిలిపించేకన్నా, రోజూ అక్కడే ఉండే ఆయాకు నేర్పించడం మేలు. ముందు ఒక ఫిజియోథెరపిస్టు చేతగాని, వృద్ధులకు నేర్పిన అనుభవమున్న యోగ శిక్షకుడి చేతగాని ఆమెకు శిక్షణ ఇప్పించండి. కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేయండి. ఒకరి మొహం ఒకరికి కనబడితే సగం ఉత్సాహం అక్కడే వస్తుంది. ఎవరినీ బలవంతం చేయకండి. చూస్తూ కూర్చుంటామంటే కూర్చోనివ్వండి. నాలుగో రోజుకి వాళ్ల పాదాలు వాటంతటవే కదులుతాయి.

నెలకొకసారి ఒక చిన్న పరీక్ష పెట్టి పుస్తకంలో రాయండి. గట్టిగా ఉన్నవారిని చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పదిహేను సెకన్లు దాటితే కాళ్లలో బలం తక్కువైందన్నమాట. అటువంటివారికి రోజుకొక కోడిగుడ్డో, పప్పో, పెరుగో ఎక్కువ పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టరునడిగి పెట్టండి. తిండి లేకుండా కండ పెరగదు.

మీరడిగే ప్రశ్నలు

"మా అమ్మ ఆశ్రమంలో ఉంది. నేను అమెరికాలో ఉన్నాను. నేనేం చేయగలను?"

వారానికొకసారి ఫోను చేసినప్పుడు "భోంచేశావా, మందులేసుకున్నావా?" అని అడుగుతున్నారు కదా. ఇంకో ప్రశ్న కలపండి: "ఇవాళ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచావమ్మా?" నిర్వాహకులనూ అదే అడగండి. మీరు అడుగుతారని తెలిస్తే వాళ్లూ చేయిస్తారు.

"మోకాళ్లు నొప్పి. చేస్తే ఇంకా అరిగిపోవా?"

అరిగిపోవు. కొద్దిపాటి నొప్పి సహజం. చేసిన మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే సంఖ్య తగ్గించండి. పూర్తిగా మానకండి.

"నడకా చేస్తున్నాం. ఇదెందుకు?"

నడక మంచిదే, మానవద్దు. కాని నడకవల్ల నిలకడ, లేచే బలం తగినంత రావు. అరవై అయిదు దాటినవారు నడకవంటి శ్రమతోపాటు, నిలకడకూ బలానికీ పనికివచ్చే వ్యాయామం వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

మళ్లీ మామ్మగారి దగ్గరికి వద్దాం. ఆవిడ ఇవాళ్టికీ వంగలేదు. మోకాళ్లు అరిగినవి అరిగినట్టే ఉన్నాయి. మొదట్లో రెండు చేతులూ కుర్చీకి ఆనించి, ఆయా రెక్క పట్టుకుంటే ఒకసారి లేచేవారు. నాలుగో నెలకు ఒక్క చెయ్యి మాత్రమే ఆనించి అయిదుసార్లు లేస్తున్నారు. అంకెలు లెక్కపెట్టరు. అయిదుగురు మనవల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ లేస్తారు.

పోయిన నెల వెళ్లినప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి, "రాత్రిపూట మంచినీళ్లు తాగుతున్నాను డాక్టరు బాబూ" అన్నారు. పక్కవాళ్లకు ఆ మాటలో విశేషమేమీ తోచలేదు. నాకు మాత్రం మాస్టారు గుర్తొచ్చారు.

మీ ఇంట్లో పెద్దవారెవరైనా కుర్చీలో కూర్చుని ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి వారి దగ్గరికి వెళ్లండి. చెయ్యి అందించడానికి సిద్ధంగా ఉండండి, కాని తొందరపడి లేపకండి. "మీరే లేవండి, నేనిక్కడే ఉన్నాను" అనండి.